రెండు వేళ్ల మేర

జూన్ 10

లైబ్రరీ పెద్ద మేడమ్ ఇవాళ పైనుంచి కింది అంతస్తుకి, అంటే నా రాజ్యానికి, వేంచేశారు. పిల్లల గదిలో అటూ ఇటూ తిరిగి, బొమ్మల పుస్తకాలు నాలుగు తిరగేసి, చివరికి చరిత్ర ర్యాక్ ముందు ఆగారు. చాలాసేపు ఆగారు. ఆ ర్యాక్‌ని నేను ఎన్నేళ్లుగానో కన్నబిడ్డలా చూసుకుంటున్నాను. ఊడిన అట్టలు నేనే అతికిస్తాను, దుమ్ము నేనే దులుపుతాను. ఒక మెచ్చుకోలు మాట రాలుతుందేమో అని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అన్నీ రాజులే ఉన్నారే," అన్నారావిడ.

అంతే. వెళ్తూ వెళ్తూ మాత్రం, పిల్లల చరిత్ర విభాగానికి కొత్త పుస్తకాలు తెప్పిద్దామనీ, ఏవి కావాలో నన్నే ఎంచమనీ చెప్పారు. అన్ని రకాల మనుషుల చరిత్రా ఉండాలట. రాజులు ఇక చాలట.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ లెక్కల టీచరు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తల ఎత్తకుండానే నవ్వింది. నాకేం బాధ లేదు.

జూన్ 11

నిజంగానే బాధ లేదు.

జూన్ 14

మేడమ్ అన్నది నిజమే. కోపం చల్లారాక ఇవాళ ఆ ర్యాక్ ముందు నేనే వెళ్లి నిలబడ్డాను. రాజులు, వాళ్ల కోటలు, వాళ్ల గుర్రాలు, వాళ్ల మీదకి దండెత్తి వచ్చిన ఇంకో రాజులు. ఒకే ఒక్క రాణి ఉంది, ఆవిడా గుర్రం మీదే ఉంది. కిందటేడు ఒక పాప, ఇంత సైన్యానికి వంట ఎవరు చేసేవాళ్లని అడిగింది. నా దగ్గర జవాబూ లేదు, పుస్తకమూ లేదు. ఒక రాజుగారి పెళ్లి విందు బొమ్మ చూపించి గండం గట్టెక్కాను.

అయితే పుస్తకం అంటగట్టడంలో నాకంటూ ఒక పద్ధతి ఉంది. అది మేడమ్‌కి తెలీదు. నేను పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వను. ఇది చదువు అని చేతిలో పెట్టామా, ఇక అది మందే, ముక్కు మూసుకుని మింగుతారు, లేదా అటు తిరిగి ఉమ్మేస్తారు. నేనేం చేస్తానంటే, ఏ పిల్లకి ఏ పుస్తకం నప్పుతుందో మనసులో అనుకుని, ఆ పిల్ల వచ్చే వేళకి దాన్ని వరసలోంచి రెండు వేళ్ల మేర బయటికి లాగి పెడతాను. తర్వాత నా పని నేను చేసుకుంటాను. ఆ పిల్ల అటూ ఇటూ తిరుగుతుంది. ఒకసారి దాటి పోతుంది. మళ్లీ వస్తుంది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని లాక్కుంటుంది. తనే కనిపెట్టాననుకుంటుంది. అనుకోనీ, నా సొమ్మేం పోయింది.

మా కెప్టెన్ అలా తయారైన పిల్లే. ఆరో తరగతి. మొదట్లో రోజూ వచ్చి కిటికీ పక్క కుర్చీలో ఊరికే కూర్చునేది, ఏ పుస్తకమూ ముట్టేది కాదు. ఒకరోజు ఓడల పుస్తకం ఒకటి రెండు వేళ్లు లాగి పెట్టాను. ఇక చూసుకోండి, సముద్రాలన్నీ చుట్టేసింది. తుఫాన్లో తెరచాప ఎప్పుడు దించాలో, ఎప్పుడు దించకూడదో నాకే క్లాసు పీకుతుంది. కెప్టెన్ అని పేరు పెట్టింది నేనే, ఇప్పుడు పిల్లలందరూ అలాగే పిలుస్తున్నారు. మాకు పిల్లలు లేరు. ఆ పిల్ల వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటే నాకు గది నిండినట్టు ఉంటుంది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

జూన్ 24

పుస్తకాలొచ్చాయి! అట్టపెట్టెలు విప్పుతుంటే ఆ కొత్త కాగితం వాసనకే కడుపు నిండింది. రొట్టె చరిత్ర. పళ్ల చరిత్ర, అంటే తినే పళ్లు కాదు, నోట్లో పళ్లు. రోడ్లు ఎలా పుట్టాయో ఒకటి. చెవులు వినబడని పిల్లల కోసం మొదటి బడులు పెట్టినవాళ్ల గురించి ఒకటి. విమానాలు నడిపిన ఆడవాళ్లు, గనుల్లో పనిచేసిన పిల్లలు, ఊరు వదిలి దేశాలు దాటి వెళ్లినవాళ్లు, బానిసలుగా అమ్ముడుపోయి తప్పించుకున్నవాళ్లు, ఓడల్లో అడుగున పనిచేసినవాళ్లు, ఉత్తరాలు మోసినవాళ్లు. జుట్టు చరిత్ర అని కూడా ఒకటి వచ్చింది. అట్ట మీద ఒక పెద్దమనిషి, ఆయన నెత్తి మీద పిచ్చుక గూడంత విగ్గు. అది మాత్రం తెరిచి చూడలేదు, తీరిక లేకపోయింది.

అన్నిట్లోకీ రత్నం మాత్రం ఒకటుంది. చెత్త చరిత్ర. వెయ్యేళ్ల కిందటి మనుషులు ఏం తిన్నారో, ఏం విరగ్గొట్టారో, ఏం పారేసుకుని ఏడ్చారో, రాజుల శాసనాల్లో దొరకదు, వాళ్ల చెత్తకుప్పలు తవ్వితే దొరుకుతుంది. ఊళ్ల చెత్త ఎత్తే మనుషులు ఒక్క వారం పని ఆపితే ఆ ఊళ్లు ఏమయ్యాయో కూడా రాశారు. నిలబడి తెరిచినవాణ్ని నిలబడే సగం చదివాను. టీ చల్లారి మీగడ కట్టింది. ఇన్నాళ్లూ ఇవి లేకుండా ఎలా బతికానా అనిపించింది.

మేడమ్‌కి మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను. మనసులోనే.

జూన్ 27

బ్రహ్మాండమైన ఆలోచన ఒకటి తట్టింది. ఇన్ని రకాల పుస్తకాలు వచ్చాయి కదా, రెండు వేళ్లు లాగి పెట్టి కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? శనివారం మధ్యాహ్నం పిల్లలందరినీ పోగేసి, ఎవరికి తగ్గ పుస్తకం వాళ్లకి పేరు పేరునా నేనే ఇస్తాను. బేకరీ వాళ్ల అబ్బాయికి రొట్టె చరిత్ర. పళ్ల డాక్టరుగారి కవలపిల్లలకి పళ్ల చరిత్ర. బస్సు డ్రైవరు కూతురికి రోడ్లు. మా కెప్టెన్‌కి చెత్త చరిత్ర, ఇంకేముంది! వాళ్ల నాన్న మా వీధికి వచ్చే చెత్త బండి నడుపుతాడు. పొద్దున్నే గేటు దగ్గర కనిపిస్తే ఒక మాట మాట్లాడుకుంటాం. మా అమ్మాయి మీ దగ్గరే చదువుకుంటుంది సార్ అని ఆయనే చెప్పాడు.

ఎవరి చరిత్ర వాళ్లకి. అట్టముక్క మీద ఇదే రాసి గోడకి అంటిస్తాను. ఒక్కో పుస్తకానికీ రంగు రిబ్బను కట్టి, పిల్ల పేరుతో చీటీ వేలాడదీస్తాను.

మా ఆవిడ అంతా విని, పిల్లలు అడిగారా అంది. అడగడమేమిటి, అడక్కుండా ఇవ్వడంలోనే కదా ఉంది గొప్ప. ఈ లెక్కల టీచర్లకి ప్రతిదానికీ రుజువు కావాలి.

జూలై 2

దిగ్విజయం! పిల్లలు కిక్కిరిసి వచ్చారు. మేడమ్ కూడా కాసేపు తలుపు దగ్గర నిలబడి వెళ్లారు. ఒక్కొక్కరినే పిలుస్తూ, పుస్తకం ఎత్తి అందరికీ చూపిస్తూ, అది వాళ్లకే ఎందుకో చెప్తూ ఇచ్చాను. బేకరీ అబ్బాయికి ఇస్తుంటే చప్పట్లు. కవలలకి ఒకటే పుస్తకం వచ్చిందని కాస్త పేచీ. మొత్తానికి పెళ్లివారిల్లులా ఉంది గది.

మంచిది చివర్న ఇవ్వాలని కెప్టెన్‌ని ఆఖర్న పిలిచాను.

"కెప్టెన్, ఇది నీకోసం ప్రత్యేకంగా వెతికి తెప్పించాను. మీ నాన్నగారి పని గురించి. ఎంత గొప్ప పనో చదివితే తెలుస్తుంది," అన్నాను, పుస్తకం పైకెత్తి. అట్ట మీద చెత్తకుప్ప బొమ్మ ఉంది, కుప్ప మధ్యలో ఒక అందమైన పగిలిన కుండ. అందరికీ కనబడాలని ఇటూ అటూ తిప్పాను.

వెనక వరసలోంచి ఎవరో, మీ నాన్న చెత్త బండి నడుపుతారా అని అడిగారు. అవును అంది కెప్టెన్. ఎంత ధీమాగా అందో! థాంక్స్ తాతగారూ అని పుస్తకం తీసుకుంది, అట్ట తన వైపుకి తిప్పుకుని సంచిలో పెట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చోకుండానే వెళ్లిపోయింది. వాళ్లమ్మ ఏదో పని చెప్పి ఉంటుంది.

కాళ్లు పీకుతున్నాయి. కానీ ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను.

జూలై 4

సోమవారం తలుపు తీయగానే, వాపసు పుస్తకాలు వేసే పెట్టెలో అన్నిటికన్నా పైన చెత్త చరిత్ర. అప్పుడే చదివేసింది! రిబ్బను ముడి కూడా విప్పలేదు, ఎంత జాగ్రత్తగా చదివిందో.

ఇవాళ రాలేదు.

జూలై 6

కొంచెం చిరాగ్గా ఉంది. పళ్ల డాక్టరుగారి కవలల దగ్గర రొట్టె చరిత్ర కనిపించింది. బేకరీ అబ్బాయి చేతిలో విమానాలు నడిపిన ఆడవాళ్లు. పళ్ల చరిత్ర బస్సు డ్రైవరు కూతురి సంచిలో తేలింది. చీటీలు చీటీల్లాగే ఉన్నాయి, పుస్తకాలు మాత్రం చేతులు మారిపోయాయి. మా ఇంట్లో ఎప్పుడూ రొట్టె గొడవే తాతగారూ, ఇక్కడ కూడానా అన్నాడు బేకరీ అబ్బాయి. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

అంత ఆలోచించి ఇస్తే వీళ్లు గోళీల్లా మార్చుకుంటున్నారు.

కెప్టెన్ ఇవాళ కూడా రాలేదు. ఊళ్లో జ్వరాలున్నాయి.

జూలై 9

రాలేదు. జ్వరమే అయి ఉంటుంది.

కిటికీ పక్క కుర్చీలో ఎవరో కొత్త పిల్లవాడు కూర్చోబోతే, కాలు ఊగుతోంది అని చెప్పి వేరే కుర్చీ చూపించాను. కాలు బాగానే ఉంది.

జూలై 11

ఈ జ్వరాలు ఒక పట్టాన వదలవు.

జూలై 13

జ్వరం లేదు.

పొద్దున గేటు దగ్గర కెప్టెన్ వాళ్ల నాన్న కనిపించాడు. బుట్ట అందిస్తూ, అమ్మాయికి ఒంట్లో ఎలా ఉందని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. దానికేం సార్, గుండ్రాయిలా ఉంది, రోజూ బడికి వెళ్తోంది, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటోంది, హోంవర్కు ఎక్కువ ఇస్తున్నారట అన్నాడు.

బండి ఎక్కబోయి మళ్లీ దిగాడు. చేతులు తుడుచుకుంటూ కాస్త మొహమాటంగా నిలబడ్డాడు.

"సార్, ఆ చెత్త పుస్తకం మళ్లీ దొరుకుతుందా? ఆదివారం కూర్చుని సగం చదివాను. మిగతా సగం చదివేలోపే మా అమ్మాయి ఇచ్చేసింది."

తను చదివిందా అని అడిగాను. ఏమో సార్, సంచిలోంచి నేనే తీసి, రిబ్బను పక్కకి జరిపి చదివాను, అది తెరిచినట్టు లేదు అన్నాడు. రేపే తెచ్చిస్తానని చెప్పాను. ఆయన బండి మలుపు తిరిగే దాకా గేటు దగ్గరే నిలబడ్డాను. మా ఆవిడ లోపలినుంచి రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు.

లైబ్రరీలో పనేం సాగలేదు. నేను మంచికే చేశాను.

జూలై 14

పుస్తకం ఆయనకి ఇచ్చాను. రిబ్బనూ చీటీ తీసేసి ఇచ్చాను. పెద్దవాళ్ల సభ్యత్వం పైన ఇస్తారు, ఎప్పుడైనా రండి అన్నాను. వస్తానన్నాడు. పుస్తకాన్ని డ్రైవరు సీటు పక్కన గుడ్డ పరిచి దాని మీద పెట్టుకున్నాడు.

సాయంత్రం మా ఆవిడకి మొత్తం చెప్పాల్సి వచ్చింది. మొత్తం అంటే, పుస్తకం ఎత్తి చూపించిన ముక్కతో సహా. పేపర్లు పక్కన పెట్టి మరీ వింది. అందుకే భయం వేసింది నాకు, ఆవిడ పేపర్లు పక్కన పెట్టదు.

"వాళ్ల నాన్న చెత్త ఎత్తితే ఆ పిల్ల చెత్త గురించి చదవాలా? బోడిగుండుకీ మోకాలికీ ముడేశారు," అంది. తర్వాత నా తల వైపు చూసి, తప్పుగా అనుకోకండి అంది.

నేను మంచికే చేశానన్నాను. పుస్తకం నిజంగా గొప్పదన్నాను. ఆ పని గొప్పది కాదా అన్నాను. అన్నీ ఒప్పుకుంది. ఒప్పుకుని, పెళ్లయిన కొత్తలో నా పుట్టినరోజుకి మీరేం తెచ్చారో గుర్తుందా అని అడిగింది.

గుర్తుంది. వంటల పుస్తకం. బంగారు అంచు అట్ట, రంగు బొమ్మలు. ఆ రోజుల్లో ఆవిడ వంటింట్లో కూర్చుని కూడా లెక్కల పజిళ్లు చేసుకునేది, పొయ్యి మీద గిన్నె మాడిపోతే నేనే దించేవాణ్ని. అంత మంచి పుస్తకం ఆ షాపులో ఇంకోటి లేదని ఇప్పటికీ అనుకుంటాను.

"మంచి పుస్తకమే. నాకు కాదంతే," అంది.

చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు.

జూలై 15

వంటల పుస్తకం దొరికింది. కుట్టుమిషను కాలి కింద ఉంది. మిషను ఊగకుండా ఇన్నేళ్లూ అదే కాస్తోంది.

జూలై 16

తాళంచెవి ముందే తీసుకుని వెళ్లి, పిల్లలు రాకముందే పని ముగించాను. గోడ మీద అట్టముక్క పీకేశాను. ఎవరి చరిత్ర వాళ్లకి! ఎంత ముద్దొచ్చిందో ఆ మాట అప్పుడు. మిగిలిన పుస్తకాలకి రిబ్బన్లు విప్పి చీటీలు చింపేశాను. రాజుల్ని కూడా వదల్లేదు, వాళ్లని తెచ్చి కొత్తవాళ్ల మధ్య నిలబెట్టాను. కోట కట్టించిన రాజు పక్కనే ఆ కోటకి రాళ్లు మోసినవాళ్లు. రాణిగారి పక్కన విమానాల ఆడవాళ్లు, వాళ్లు వాళ్లు మాట్లాడుకుంటారు. కొన్ని పుస్తకాలు అట్ట బయటికి కనబడేలా పెట్టాను. కొన్ని రెండు వేళ్లు లాగాను, ఎవరి కోసమూ అనుకోకుండా, ఊరికే.

నా కుర్చీకి వచ్చి కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లూ పుస్తకం చేతికి ఇవ్వకూడదని తెలిసి తెలిసి, ఆ ఒక్కరోజు ఎందుకు ఇచ్చాను? తలుపు దగ్గర మేడమ్ నిలబడి ఉన్నారు. అందుకా? కాకపోవచ్చు.

అందుకే.

జూలై 20

ర్యాక్ ఖాళీ అవుతోంది. నిజంగా. పిల్లలు ఏది పడితే అది తీసుకెళ్తున్నారు, ఏ లెక్కకీ అందడం లేదు. కవలలిద్దరూ గనుల పుస్తకం కోసం పొట్లాడుకున్నారు. బేకరీ అబ్బాయి చెవులు వినబడని పిల్లల బడి పుస్తకం చదివి, రెండు రోజులుగా మాట్లాడటం మానేసి చేతులతో సైగలు చేస్తున్నాడు. వాళ్లమ్మ వచ్చి, ఏమిచ్చారండీ మావాడికి, షాపులో చేతులు తిప్పుతూ బన్నులన్నీ కింద పడేశాడు అంది. నేనేమీ ఇవ్వలేదండీ, తనే తీసుకున్నాడు అన్నాను. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉందో.

మేడమ్ వచ్చి, ఇప్పుడు ఎంత బాగుందో అన్నారు. పొగిడారని ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. సంతోషమే, కాదనను.

కానీ కిటికీ పక్క కుర్చీ అలాగే ఉంది. బెంగగా ఉంది. పిల్లల గదిలో ఇంతమంది పిల్లలుండగా ఒక పిల్ల కోసం బెంగేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా తగ్గలేదు. ఇంటికి వెళ్లి పలకరిద్దామా అనుకున్నాను. వెళ్లి ఏం చెప్తాను? మళ్లీ వాళ్ల నాన్న ముందు, వాళ్లమ్మ ముందు నిలబెట్టి మాట్లాడతానా? ఒకసారి అందరి ముందూ నిలబెట్టింది చాలదూ. వెళ్లలేదు.

జూలై 23

వచ్చింది.

శనివారం, పిల్లలు బాగా ఉన్న వేళ. తలుపు తీసుకుని నేరుగా చరిత్ర ర్యాక్ దగ్గరకి నడిచింది, కిటికీ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. నేను అట్టలు అతికిస్తున్నాను, బంక వేలికి అంటుకుని అలాగే ఉండిపోయాను. పలకరించాలా వద్దా? ఒక పుస్తకం లాగింది, రెండు చేతుల్లో పట్టుకుని నా టేబులు ముందుకు వచ్చి నిలబడింది. పిల్లలందరూ అటే చూస్తున్నారు.

పుస్తకం పైకెత్తింది. ఇటూ అటూ తిప్పి అందరికీ చూపించింది. నెత్తి మీద పిచ్చుక గూడున్న పెద్దమనిషి.

"తాతగారూ, ఇది మీకోసం ప్రత్యేకంగా వెతికి తెచ్చాను. మీ తల గురించి," అంది.

గది గదంతా పగలబడి నవ్వింది. కవలలైతే ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నా చెయ్యి దానంతటదే నెత్తి మీదకి వెళ్లింది, దాంతో ఇంకా నవ్వారు. చెవుల దాకా వేడెక్కింది. నేను బట్టతల వాణ్నని ఎవరికి తెలీదు? పాతికేళ్లుగా ఊరంతా చూస్తున్నదే. అయినా అంతమందిలో అలా పైకెత్తి చూపిస్తే, ఒళ్లంతా పోయి తలొక్కటే మిగిలినట్టయింది.

థాంక్స్ కెప్టెన్ అన్నాను. పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. పెట్టుకుంటుంటే చూశాను, నా చెయ్యి అట్టని నా వైపుకి తిప్పేసింది.

ఆ పిల్ల కూడా అదే చూస్తోంది. చూసి వెళ్లిపోయింది.

జూలై 24

జుట్టు చరిత్ర మొత్తం చదివాను. అది చదవకూడదని పొద్దున రెండు గంటలు తోటపని చేసి, మొక్కలకి పెట్టాల్సిన దానికన్నా ఎక్కువ నీళ్లు పెట్టి, చివరికి చదివాను. బాగుంది. చాలా బాగుంది, ఖర్మ. బట్టతల రాజు విగ్గు పెట్టుకుంటే దర్బారంతా విగ్గులు పెట్టుకోవడం, విగ్గుల కోసం పేదింటి ఆడపిల్లలు జడలు అమ్ముకోవడం. జడలు అమ్ముకున్న పేజీ మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ పిల్ల మామూలుది కాదు అంది.

నాకు తెలీదా.

జూలై 27

కెప్టెన్ వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. నేను పలకరించలేదు. ఈల వేయబోయి ఆపుకున్నాను.

జూలై 30

గదిలో ఎవరూ లేని సమయం చూసి జుట్టు పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరకి వెళ్లాను. బాగుందని చెప్పాను. జడల పేజీ చూశారా అని అడిగింది. చూశానన్నాను. తర్వాత చెప్పాలనుకున్న ముక్క చెప్పాను. ఆ రోజు అలా అందరి ముందూ చెయ్యకుండా ఉండాల్సింది, నాదే తప్పు అన్నాను.

కెప్టెన్ కిటికీ ఊచ మీద వేలితో గీస్తూ కూర్చుంది.

"మా నాన్న పనంటే నాకు సిగ్గేం లేదు తాతగారూ. ఎవరైనా అడిగితే నేనే చెప్పేదాన్ని. ఓడల గురించి మీకు ఎన్ని చెప్పాను నేను! మీరు మాత్రం మా నాన్నని చూసి ఇచ్చారు. నన్ను చూసి ఇవ్వలేదు."

నిజమే అన్నాను. కాసేపటికి ఆ పిల్లే, నాన్న ఆ పుస్తకం రెండోసారి చదువుతున్నాడు, అన్నం తింటూ మా అందరికీ చెప్తున్నాడు, చెవులు తూట్లు పడుతున్నాయి అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నా గుండె మీంచి బండ దించినట్టయింది, ఈ వయసులో ఒక ఆరో తరగతి పిల్ల మాటకి ఇంత తేలికపడటం ఏమిటో.

ఉన్నట్టుండి, మీకెవరైనా పుస్తకాలు చెప్తారా తాతగారూ అని అడిగింది. ఆలోచించాను. నాకెవరు చెప్తారు? నేనే కదా అందరికీ చెప్పేది. ఎవరూ చెప్పరు అన్నాను. ఓహో అంది. ర్యాక్ దాకా వెళ్లి, వరస ముందు కాసేపు నిలబడి, తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుని చదువుకుంది.

గది మూసే వేళకి పుస్తకాలు సర్దుతూ చరిత్ర ర్యాక్ దగ్గరకి వచ్చాను. పొద్దున నేను అన్నీ వరసగా నెట్టి పెట్టాను, నాకు బాగా గుర్తు. మూడో వరసలో ఒక పుస్తకం బయటికి వచ్చి ఉంది. రెండు వేళ్ల మేర.

అంటే ఈ పిల్లకి మొదట్నుంచీ తెలుసా? మొదటి ఓడల పుస్తకం దగ్గర్నుంచీ? తెలిసే, తనే కనిపెట్టినట్టు అటూ ఇటూ తిరిగి తీసుకునేదా, నా సంతోషం కోసం?

పుస్తకం వీపు మీద పేరు చదివాను. ఓడల్లో అడుగున పనిచేసినవాళ్ల చరిత్ర. వంటవాళ్లు, బొగ్గు ఎత్తినవాళ్లు, తెరచాపలు కుట్టినవాళ్లు, ఓడంతా కడిగి చెత్త ఎత్తినవాళ్లు. ఈ పుస్తకం అట్టపెట్టెలోంచి తీసి పెట్టింది నేనే. ఆ పిల్లకి ఇవ్వాలని నాకు తట్టనే లేదు. ఇప్పుడు దాని అంచులు మెత్తబడి ఉన్నాయి, ఎవరో మొత్తం చదివారు.

కిటికీ వైపు చూశాను. కెప్టెన్ తల వంచుకుని చదువుకుంటోంది, పేజీ మాత్రం తిప్పడం లేదు.

నేను అటూ ఇటూ తిరిగాను. కుర్చీలు సర్దాను. ఒకసారి ర్యాక్ దాటి వెళ్లాను. మళ్లీ వచ్చాను. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని లాక్కున్నాను.